తెలుగుకూ దక్కనీకీ వ్యాకరణం రాసిన హీబ్రూ చదువరి

హైదరాబాద్ బోరబండలో ఏ కూరగాయల బండి దగ్గర నిలబడినా రెండు భాషలు చెవిన పడతాయి. ఒకటి తెలుగు, రెండోది దక్కనీ ఉర్దూ. ఒకే బేరం ఒక భాషలో మొదలై ఇంకో భాషలో తెగుతుంది. ఈ రెండింటికీ దాదాపు మూడు వందల ఏళ్ల కిందటే వ్యాకరణాలు రాసిన జర్మన్ ఒకాయన ఉన్నాడు. పేరు బెంజమిన్ షుల్జ్. ఎంఎస్ చదువుకోసం జర్మన్ నేర్చుకుంటున్న మన పిల్లలకు ఆయన పేరైనా తెలియాలి.

షుల్జ్ 1689లో సొన్నెన్‌బర్గ్‌లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. హాలే నగరంలో చదువుకున్నాడు. ఆ కాలపు జర్మనీలో బైబిల్‌ను మూలంలో చదవాలనుకునే వాళ్లకు హీబ్రూ రావలసిందే, ఎందుకంటే పాత నిబంధన దాదాపు అంతా ఆ భాషలోనే ఉంది. ఈ చదువుకు దారి వేసింది జర్మన్ పండితుడు యోహాన్ రాయిక్లిన్. 1506లో ఆయన లాటిన్ చదువరుల కోసం హీబ్రూ వ్యాకరణం, నిఘంటువు కలిపి ప్రచురించాడు. 1534లో లూథర్ జర్మన్ బైబిల్ పూర్తిగా వెలువడింది. హాలేలో 1702లో మతాచార్యుడు ఫ్రాంకే ప్రాచ్య భాషలకు ఒక విద్యాలయమే పెట్టాడు. 1720లో మికాయెలిస్ పరిష్కరించిన హీబ్రూ బైబిల్ అక్కడే అచ్చయింది. షుల్జ్ అలాంటి వాతావరణంలోంచి వచ్చాడు.

హీబ్రూ ఎలాంటి భాషో తెలుసుకోవడానికి బోరబండ వాళ్లు దూరం వెళ్లనక్కర్లేదు. ఉర్దూలాగే కుడి నుంచి ఎడమకు రాస్తారు. అక్షరాలు ప్రధానంగా హల్లులే. అచ్చులను చుక్కలు, గీతలతో సూచిస్తారు, చాలాసార్లు అవి కూడా రాయరు. ఎక్కువ మాటలు మూడు హల్లుల ధాతువు మీద నిలబడతాయి. క-త-బ అనే మూడింటితో హీబ్రూలో ‘రాశాడు’, ‘రాసేవాడు’, ‘ఉత్తరం’ అన్నీ పుడతాయి. హీబ్రూకు చుట్టమైన అరబ్బీలోనూ ఇదే పద్ధతి. అక్కడినుంచి ఉర్దూలోకి వచ్చిన కితాబ్, మక్తబ్ మనం రోజూ వినేవే. తెలుగు దారి వేరు. మనం మాట చివర ప్రత్యయాలు తగిలించుకుంటూ పోతాం. లాటిన్ మూసలో ఇమడని భాషలు ఉంటాయని హీబ్రూ చదివినవాడికి ముందే తెలుసు. అందుకే తెలుగు ఆయన్ని భయపెట్టలేదని నా నమ్మకం.

1719లో షుల్జ్ మిషనరీగా తమిళ తీరంలోని తరంగంబాడి చేరాడు. ఆ ఏడే అక్కడి మిషనరీ జీగెన్‌బాల్గ్ చనిపోయాడు. ఆయన తమిళ పాత నిబంధన అనువాదం రూతు గ్రంథం దగ్గర ఆగిపోయింది. మిగతాది షుల్జ్ పూర్తి చేశాడు. 1726లో మద్రాసుకు మారాడు. వ్యాపారుల నుంచి దుబాసీల దాకా ఆ ఊళ్లో చాలామంది తెలుగువాళ్లు. తెలుగు నేర్చుకుని 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో, బ్రౌన్‌ది 1840లో వచ్చాయి. అంటే కేరీ కంటే 86 ఏళ్లు ముందన్న మాట. 1732 నాటికి బైబిల్‌ను తెలుగులోకి తెచ్చాడు, కానీ అది అచ్చుకు నోచుకోలేదు.

1743లో ఆయన జర్మనీకి తిరిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాతి సంగతే నాకు అన్నిటికన్నా ఆసక్తి. 1745లో ఆయన హిందుస్తానీ వ్యాకరణం హాలేలో అచ్చయింది. మద్రాసు ముస్లింల నోట విని నేర్చిన భాష అది, మన దక్కనీకి దగ్గరది. దాన్ని అచ్చు వేసిన ముద్రణాలయం హాలే ఆచార్యుడు కాలెన్‌బర్గ్ 1728లో స్థాపించిన యూదు విద్యాసంస్థది. యూదుల్లో క్రైస్తవం ప్రచారం చేయడానికి హీబ్రూ లిపిలో పుస్తకాలు వేసే ముద్రణాలయం అది. అలా హీబ్రూ అక్షరాల కోసం పుట్టిన ముద్రణాలయంలోంచి హిందుస్తానీ వ్యాకరణం బయటికొచ్చింది. 1746, 47లలో హాలేలోనే షుల్జ్ తెలుగు పుస్తకాలు కొన్ని తెలుగు లిపిలో వెలువడ్డాయి. అచ్చులో వచ్చిన తొలి తెలుగు పుస్తకాలుగా వాటినే చెబుతారు. 1760లో ఆయన హాలేలోనే కన్నుమూశాడు.

ఆయన్ని నెత్తిన పెట్టుకోవాలని నేను చెప్పడం లేదు. ఆయన లక్ష్యం మతప్రచారం, దాన్ని ఎన్నడూ దాచుకోలేదు. ఆయన తమిళం మోటుగా ఉందని తర్వాతివాళ్లు తప్పుపట్టారు. మద్రాసులో ఆయన స్థానంలోకి వచ్చిన ఫాబ్రిసియస్ తమిళ బైబిల్‌ను మళ్లీ తిరగరాయవలసి వచ్చింది. అయినా 1725లోనే సంస్కృత సంఖ్యలకూ లాటిన్ సంఖ్యలకూ పోలిక ఉందని గమనించి రాసిన మనిషిని చిన్నచూపు చూడలేం. విలియం జోన్స్ ఆ చుట్టరికం గురించి ప్రసంగించింది 1786లో.

తెలుగు వ్యాకరణం రాతప్రతి 1984లో గానీ హాలేలో యథాతథంగా అచ్చుకాలేదు. లాటిన్‌లో ఉన్న ఆ పుస్తకాన్ని తెలుగు వివరణతో మన విశ్వవిద్యాలయాలు ప్రచురించాలి. బ్రౌన్ పుస్తకాల పక్కన షుల్జ్ వ్యాకరణం కూడా మన గ్రంథాలయాల్లో ఉండాలి.