క్యాంపులో టేబుల్ టెన్నిస్: బ్యాటు ఎలా కొనాలి, ఆడేవాళ్లను ఎలా కూడగట్టాలి

కంపెనీ బస్సు దిగి, స్నానం చేసి, మెస్సులో తిని, ఇంటికి ఫోన్ చేసేసరికి రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది. నిద్రపోయేదాకా మిగిలేది గంట, గంటన్నర. ఆ గంట ఎలా గడుస్తుందో గల్ఫ్‌లో ఉన్న మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మంచం మీద పడుకుని ఫోన్ చూడటమే. కొందరు ఆన్‌లైన్ రమ్మీలో పడి అప్పు మీద అప్పు చేస్తున్నారు. ఇంకొందరు ఎవరితోనూ మాట్లాడకుండా ముసుగు తన్ని పడుకుంటున్నారు.

చాలా క్యాంపుల్లో ఆటల గదిలో ఒక టేబుల్ టెన్నిస్ బల్ల ఉంటుంది. నెట్ చిరిగిపోయి, బ్యాట్ల రబ్బరు లేచిపోయి, దాని మీద ఎవరివో బట్టలు ఆరేసి కనిపిస్తాయి. ఆ బల్లను మళ్లీ వాడుకలోకి తేవడానికి పెద్ద ఖర్చేమీ కాదు. క్రికెట్‌కు గ్రౌండ్ కావాలి, మనుషులు కావాలి, ఎండ తగ్గాలి. దీనికి ఒక గది, ఇద్దరు మనుషులు చాలు. ఇరవై ఏళ్ల కుర్రాడితో నలభై ఐదేళ్ల మేస్త్రీ సమానంగా ఆడొచ్చు.

అయితే ఉత్సాహంలో జీతం డబ్బు పోగొట్టుకోవద్దు. ఏం కొనాలో, ఏం అక్కర్లేదో, ఎవరితో ఎలా ఆడాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఆడండి, తర్వాత కొనండి

మొదటి రెండు వారాలు ఎవరిదైనా బ్యాటు అడిగి ఆడండి. రోజూ వెళ్తున్నారా, ఇష్టం పుడుతోందా అన్నది అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాత కూడా మొదటి బ్యాటు మీద మీ ఒకటి రెండు రోజుల కూలికి మించి పెట్టొద్దు. ఇది గట్టిగా పట్టుకోవాల్సిన మాట. ఊళ్లో వడ్డీ నడుస్తున్నవాళ్లయితే మరీను. ఖరీదైన బ్యాటు కొత్తవాడి ఆటను బాగుచేయదు. పైగా చెడగొడుతుంది. ఎందుకో కింద చెబుతాం.

బ్యాటులో ఏముంటుంది?

బ్యాటు అంటే మూడు వస్తువులు. లోపల చెక్క, దాని మీద స్పాంజి, స్పాంజి మీద రబ్బరు.

చెక్కను పలుచని పొరలు అతికించి చేస్తారు. సాధారణంగా ఐదు లేదా ఏడు పొరలు ఉంటాయి. ఐదు పొరల చెక్క కొంచెం నెమ్మదిగా ఉండి, బంతి ఎటు వెళ్లాలో మన చేతిలో ఉంటుంది. కార్బన్ పొర వేసిన చెక్కలు చాలా వేగంగా ఉంటాయి. కొత్తవాళ్లకు అవి వద్దు. తాకితే చాలు, బంతి బల్ల దాటిపోతుంది. అప్పుడు భయపడి చెయ్యి బిగబట్టి ఆడటం అలవాటవుతుంది, ఆ అలవాటు పోవడం కష్టం.

స్పాంజి ఎంత మందంగా ఉంటే వేగం అంత ఎక్కువ. మొదటి బ్యాటుకు 1.5 నుంచి 1.8 మిల్లీమీటర్ల స్పాంజి సరిపోతుంది.

రబ్బరు రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి నున్నగా ఉండేది, రెండోది పైకి బుడిపెలు ఉండేది. నున్నని రబ్బరు బంతిని పట్టుకుని తిప్పుతుంది, అంటే స్పిన్ వస్తుంది. పొడుగు బుడిపెల రబ్బరు ఎదుటివాడి స్పిన్‌ను తారుమారు చేసి తిప్పి పంపుతుంది. మన దేశపు క్రీడాకారిణి మణికా బత్రా ఒకవైపు ఇలాంటి రబ్బరే వాడి పెద్ద పెద్దవాళ్లను తికమక పెట్టింది. కానీ కొత్తవాళ్లు రెండు వైపులా నున్నని రబ్బరుతోనే మొదలుపెట్టాలి. ఆట అర్థమయ్యేది దానితోనే.

కొట్టులో ఏం చూడాలి?

• పిడి: చేత్తో కరచాలనం చేసినట్టు పట్టుకునేవాటికి పిడి పొడుగ్గా ఉంటుంది. పెన్ను పట్టినట్టు పట్టుకునే చైనా పద్ధతి బ్యాట్లకు పిడి పొట్టిగా ఉంటుంది. చవకగా ఉందని చూడకుండా పొట్టి పిడి తెచ్చుకుని బాధపడేవాళ్లు ఉన్నారు. మీరు స్కూల్లో ఆడిన పద్ధతి పొడుగు పిడిదే అయి ఉంటుంది. కింద వెడల్పయ్యే పిడి చేతిలోంచి జారదు.

• పట్టు: శుభ్రమైన బంతిని రబ్బరు మీద ఒత్తి పక్కకు లాగండి. రబ్బరు బంతిని పట్టి ఆపితే మంచిది. గాజు మీద జారినట్టు జారితే వద్దు.

• బరువు: రెండు నిమిషాలు చేతిలో పట్టుకుని ఊపి చూడండి. పొద్దంతా షట్టరింగ్ పనో, బరువులు మోసే పనో చేసిన మణికట్టు అది. బరువైన బ్యాటు వద్దు.

• అంకెలు: ప్యాకెట్ మీద వేగం 90, స్పిన్ 95 అని రాసి ఉంటుంది. ఆ అంకెలకు అన్ని కంపెనీలకూ కలిపి ఒక కొలత లేదు. ఎవరి లెక్క వాళ్లది. ఒక కంపెనీ 80ని ఇంకో కంపెనీ 80తో పోల్చకండి. "కంట్రోల్" లేదా "ఆల్‌రౌండ్" అని రాసినది తీసుకోండి.

• పేరు: స్టిగా, బటర్‌ఫ్లై, డీహెచ్ఎస్, మన మీరట్ కంపెనీ స్టాగ్, ఇవన్నీ కొత్తవాళ్ల కోసం చవక బ్యాట్లు కూడా చేస్తాయి. డెకాథ్లాన్ లాంటి పెద్ద క్రీడా దుకాణాల్లో చేతిలో పట్టుకుని చూసి కొనొచ్చు. బటర్‌ఫ్లై పేరుతో మరీ చవకగా ఫుట్‌పాత్ మీద దొరికితే అది నకిలీ అనే అనుకోండి.

బ్యాటుకు ఎండ, దుమ్ము శత్రువులు. బస్సు కిటికీ దగ్గర, కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే రబ్బరు గట్టిపడి పట్టు పోతుంది. ఆడాక తడి గుడ్డతో తుడిచి, ఆరాక కవరులో పెట్టండి. కవరు లేకపోతే శుభ్రమైన ప్లాస్టిక్ సంచి చాలు. రబ్బరు ఊడితే నీటితో చేసిన జిగురు వాడండి. ఘాటు వాసన వచ్చే జిగురుకు నిప్పు త్వరగా అంటుకుంటుంది, ఎనిమిది మంది పడుకునే గదిలో దాన్ని తెరవకండి. ఆ వాసన ఆరోగ్యానికి మంచిది కాదనే అంతర్జాతీయ సమాఖ్య 2008లో అలాంటి జిగుర్లను పోటీల నుంచి నిషేధించింది.

బంతి, బల్ల, నెట్

బంతి 40 మిల్లీమీటర్లు, 2.7 గ్రాములు. ఇప్పుడు వచ్చేవి ప్లాస్టిక్ బంతులు, "40 ప్లస్" అని రాసి ఉంటుంది. మూడు చుక్కలవి పోటీలకు. క్యాంపులో కాలికింద పడి పగిలేవే ఎక్కువ కాబట్టి ఒక చుక్క బంతుల డబ్బా కొనుక్కోండి. బల్ల మీద బంతిని బొంగరంలా తిప్పి చూడండి. ఊగిసలాడితే అది గుండ్రంగా లేదని లెక్క.

క్యాంపు బల్ల బాగుందో లేదో తెలుసుకోవడం తేలిక. 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి బంతిని వదలండి. మంచి బల్ల మీద అది సుమారు 23 సెంటీమీటర్లు లేస్తుంది. నాలుగు మూలలా, మధ్యలో కూడా చూడండి. ఒకచోట బంతి చచ్చినట్టు పడితే కింద చెక్క నీళ్లు తాగి ఉబ్బిందన్నమాట. అసలు బల్ల పొడవు 2.74 మీటర్లు, వెడల్పు 1.525 మీటర్లు, ఎత్తు 76 సెంటీమీటర్లు. నెట్ ఎత్తు 15.25 సెంటీమీటర్లు. టేపు లేకపోతే బ్యాటును అడ్డంగా నిలబెట్టి చూడండి, దాని వెడల్పు ఇంచుమించు అంతే ఉంటుంది.

బల్ల లేని క్యాంపులో రెండువైపులా లాగి బిగించే నెట్ ఒకటి కొనుక్కుని, మెస్సు బల్లలు రెండు కలిపి ఆడొచ్చు. పూర్తి ఆట కాదు గానీ చెయ్యి కుదురుతుంది. ముందు మెస్సు వాళ్లను, క్యాంప్ బాస్‌ను అడగండి.

ఆడేవాళ్లు ఎక్కడ దొరుకుతారు?

మొదట మీ క్యాంపులోనే వెతకండి. మన తెలుగువాళ్ల గదుల్లోనే అడిగి ఆగిపోవద్దు. మలయాళీలు, నేపాలీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు, పాకిస్థాన్, బంగ్లాదేశ్ వాళ్లు, ఎవరైనా ఆడతారు. ఈ ఆటకు భాష అక్కర్లేదు, పాయింట్లు లెక్కపెట్టే హిందీ చాలు. "భాయ్, ఖేలేంగే?" అంటే కాదనేవాళ్లు తక్కువ.

క్యాంప్ బాస్‌తో మాట్లాడి రెండు విషయాలు తేల్చుకోండి. గది ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది, నైట్ డ్యూటీ వాళ్లు పడుకునే గదులకు చప్పుడు వెళ్తుందా. తర్వాత గోడకు ఒక కాగితం అంటించండి. రోజు, టైము, గది నంబరు. హిందీలో, ఇంగ్లీషులో రాస్తే అందరికీ అందుతుంది. వారానికి రెండు రోజులు ఖాయం చేయండి. "ఎప్పుడైనా ఆడదాం" అంటే ఎవరూ రారు. "మంగళవారం, శనివారం తొమ్మిదిన్నరకు" అంటే వస్తారు.

బయట చూస్తే, అబుదాబిలోని ఇండియా సోషల్ అండ్ కల్చరల్ సెంటర్, షార్జాలోని ఇండియన్ అసోసియేషన్ లాంటి సంఘాలు మనవాళ్ల కోసం ఆటలు, పాటలు నడుపుతాయి. సభ్యత్వ రుసుము కూలివాళ్లకు భారమే. అందుకని సభ్యత్వం అడక్కుండా, "బయటివాళ్లకు పోటీలు పెడతారా?" అని ఫోన్ చేసి అడగండి. ఎక్కడికి వెళ్లినా గుర్తింపు కార్డు జేబులో ఉండాలి. ఇళ్లలో పనిచేసే అక్కలు, చెల్లెళ్లు సెలవు రోజున ఇలాంటి చోటికి వెళ్తే ఇద్దరు కలిసి వెళ్లండి, ఎక్కడికి వెళ్తున్నారో ఇంకొకరికి చెప్పండి.

కొత్తవాడు పారిపోకుండా

చాలా క్యాంపుల్లో "గెలిచినవాడు నిలబడతాడు" అనే పద్ధతి నడుస్తుంది. బాగా ఆడే ఇద్దరే రాత్రంతా ఆడతారు. కొత్తవాడు అరగంట నిలబడి, రెండు నిమిషాల్లో ఓడి, మళ్లీ రాడు. దీన్ని మార్చండి. ఎవరు గెలిచినా ఒక గేము ఆడి ఇద్దరూ దిగిపోవాలి. జనం ఎక్కువైతే డబుల్స్ పెట్టండి, ఒకేసారి నలుగురు ఆడతారు.

నియమాల మీద కూడా గొడవ వస్తుంది. ఊళ్లో 21 పాయింట్లకు ఆడిన అన్నలు ఇంకా ఆ లెక్కే చెబుతారు. 2001 నుంచి గేము 11 పాయింట్లే. ఒక్కొక్కరికి రెండేసి సర్వీసులు. 10-10 అయితే ఒక్కో సర్వీసు, రెండు పాయింట్ల తేడా వచ్చేదాకా. సర్వీసు చేసేటప్పుడు బంతి తెరిచిన అరచేతిలో ఉండాలి, కనీసం 16 సెంటీమీటర్లు పైకి ఎగరేయాలి. ఇవి కూడా గోడ మీద రాసి పెట్టండి.

డబ్బు, పందెం, వీడియోలు: ఇక్కడ జాగ్రత్త

నెట్, బంతుల కోసం గదిలోవాళ్లు తలా కొంత వేసుకోవడం వేరు. వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో "క్యాంపుకు బల్ల కొనాలి, సాయం చేయండి" అని పెట్టడం వేరు. యూఏఈలో అనుమతి లేకుండా ప్రజల నుంచి విరాళాలు సేకరించడం నేరం. మీ ఉద్దేశం మంచిదే అయినా చిక్కుల్లో పడతారు. బల్ల కావాలంటే కంపెనీనే రాతపూర్వకంగా అడగండి. తలా కొంత వేసుకున్నా ఎంత వచ్చింది, ఏం కొన్నారు అన్నది అందరికీ కనబడేలా రాసి పెట్టండి.

గేము మీద డబ్బు పందెం పెట్టొద్దు. ఐదు దిర్హాములతో మొదలైనా జూదం జూదమే. పోలీసు కేసు మాట అటుంచి, గదిలో స్నేహం ముందు చెడుతుంది. ఓడినవాడు టీ తాగించాలన్నంత వరకు చాలు. అలాగే ఎదుటివాళ్లను అడక్కుండా వీడియో తీసి పెట్టకండి, అది కూడా కేసు అవుతుంది.

దెబ్బ తగిలితే

హవాయి చెప్పులతో ఆడొద్దు. నున్నని టైల్స్ మీద చెప్పు జారి మడమ మెలిపడితే వారం రోజుల డ్యూటీ పోతుంది. సేఫ్టీ బూట్లు కూడా పనికిరావు. అడుగున పట్టు ఉన్న మామూలు కాన్వాస్ బూట్లు చాలు. నిజానికి ఖరీదైన బ్యాటు కంటే ముందు కొనాల్సింది ఇవే. ఏసీ లేని గదిలో వేసవిలో ఆడితే నీళ్లు దగ్గర పెట్టుకోండి. పొద్దంతా ఎండలో చేసినవాళ్లకు తల తిరిగితే వెంటనే ఆపేయండి.

ఆటలో తగిలిన దెబ్బను పనిలో తగిలిందని చెప్పకండి. తర్వాత అబద్ధమని తేలితే ఉద్యోగానికే ముప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, హెల్త్ కార్డుతో చూపించుకోండి.

ఇంట్లో పిల్లలకు తీసుకెళ్లాలంటే

సెలవుకు వెళ్తూ పిల్లల కోసం బ్యాటు కొనే నాన్నలూ ఉన్నారు. మంచి ఆలోచనే. హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లోనూ ఆడింది. అయితే బ్యాటు కొనేముందు ఊళ్లో స్కూల్లో బల్ల ఉందో లేదో ఫోన్‌లో కనుక్కోండి. చేతి సంచిలో కాకుండా పెద్ద బ్యాగులో బట్టల మధ్య పెట్టండి. జిగురు సీసా మాత్రం తీసుకెళ్లకండి.

ఒక్క మాట

మీ గదిలో కొన్నాళ్లుగా ఎవరితోనూ మాట్లాడనివాడు ఉంటాడు. ఇంట్లో చావు కబురో, అప్పులవాళ్ల ఫోనో, రెండు నెలలుగా రాని జీతమో. అతనికి సలహాలు చెప్పే ముందు బ్యాటు చేతికివ్వండి. "రా అన్నా, పది నిమిషాలు" అని పిలవండి. ఆడుతూ ఆడుతూ తనే నోరు విప్పొచ్చు. సమస్య జీతందో, పాస్‌పోర్టుదో, మనసుదో అయితే యూఏఈలో ఉన్నవాళ్లు భారత ప్రభుత్వం నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342 మీద ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఆ నంబరు కూడా ఆటల గది గోడ మీద, నియమాల కాగితం పక్కనే రాసి పెట్టండి.