కాలువ కట్టకమునుపు

చలిదేశములయందు శీతకాలము సమీపించగనే గృహస్థులు ఇంటి వెలుపలి కుళాయిల సంగతి చూచుకొందురు. నీరు గడ్డకట్టునపుడు దాని పరిమాణము నూటికి తొమ్మిది వంతులు పెరుగును. గొట్టములో నీరు నిలిచియున్నచో ఇనుప గొట్టమైనను పగులును. కావున లోపలి మర బిగించి, వెలుపలి కుళాయి విప్పి, ఉన్న నీటినంతయు కార్చివేయుదురు. సామర్లకోటవారికి ఈ భయము లేదు. అచ్చట నీటికి గడ్డుకాలము వేసవి. చలిదేశమువారు ముందుగా ఖాళీచేయగా, వీరు ముందుగా నింపుకొనవలెను.

భీమేశ్వరాలయమునకును, రైలు కూడలికిని పేరొందిన సామర్లకోట 2022లో ఏర్పడిన కాకినాడ జిల్లాలోనిది. గోదావరి కాలువ ఈ పట్టణము మీదుగా కాకినాడవైపు సాగును. ధవళేశ్వరమువద్ద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ఆనకట్టయే ఇట్టి కాలువలకు మూలము. పూర్వము వీనిలో పడవలును విరివిగా నడిచెడివి.

దాళ్వా పంట ముగియు వేళకు నదిలో నీరు తగ్గును. ఏప్రిలు, మే మాసములలో కాలువలు కట్టివేసి, లాకులు, తూములు బాగుచేయుదురు, పూడిక తీయుదురు, గుర్రపుడెక్కను ఏరివేయుదురు. నీరు పారుచుండగా ఈ పనులు సాగవు. మరల జూనులో నీరు వదలుదురు. ఈలోపల త్రాగుటకేమి గతి? సముద్రమునకు సమీపమున గల పెక్కు గ్రామములలో బావినీరు ఉప్పన. కాలువ కట్టకమునుపు నింపుకొనిన మంచినీటి చెరువే వారికి ఆధారము.

ఎంత నీరు కావలెనో లెక్క కట్టి చూడుడు. ఎకరము విస్తీర్ణము, 3 మీటర్ల లోతు గల చెరువులో సుమారు 1 కోటి 21 లక్షల లీటర్లు పట్టును. మనిషికి దినమునకు 100 లీటర్ల వంతున 60 దినములకు 6,000 లీటర్లు కావలెను. అనగా చెరువు 2,000 మందికి సరిపోవలెను. కాని ఎండకూడ తన పాలు తీసికొనును. దినమునకు 6 మిల్లీమీటర్ల వంతున నీరు ఆవిరియైనచో రెండు మాసములలో 36 సెంటీమీటర్లు తరుగును. దానితో సుమారు 240 మంది వాటా పోయినట్లే! అదే నీటిని రెండెకరములలో పలుచగా నిలిపినచో నష్టము ఇబ్బడియగును. ఆవిరి లేచునది పైభాగమునుండియే కదా. కనుకనే చెరువును వెడల్పు చేయుటకంటె లోతు చేయుట మేలు. వేసవి రాకమునుపే అడుగున పేరిన ఒండ్రు తీయించుటలోని యుక్తియు ఇదియే.

నింపినంతమాత్రమున పని తీరదు. నిలువనీరు సులభముగా చెడును. 1884లో రాబర్టు కాక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కలకత్తాలో ఒక చెరువు నీటియందు కలరా క్రిమిని కనుగొనెను. ఆ చెరువు చుట్టునున్నవారు అందులోనే స్నానము చేసి, బట్టలుతికి, ఆ నీటినే త్రాగెడివారు. కావున మంచినీటి చెరువు చుట్టు కంచె వేసి, పశువులను దిగనీయరాదు. పూర్వము గృహిణులు కుండలో చిల్లగింజ అరగదీసి బురద తేర్చెడివారు. నీటి శుద్ధి కేంద్రములలో పటికయు అదే పని చేయుచున్నది. అయినను తేటనీరెల్ల మంచినీరు కాదు. కంటికి కనబడని క్రిములు చచ్చుటకు క్లోరిను కలుపవలెను, లేదా ఇంట నీటిని మరగకాచవలెను.

జూనులో కాలువ వచ్చినదని వెంటనే తూము తెరచుట తొందరపాటు. రెండు మాసములు ఎండిన కాలువలోని చెత్త, కుళ్లిన నాచు తొలినీటితో కొట్టుకొనివచ్చును. చెరువులో ఇంకను కొన్నిదినముల నీరు మిగిలియున్న ఊరివారు ఆ మురికినీటిని సాగిపోనిచ్చి, ప్రవాహము తేరిన పిమ్మట తూము ఎత్తగలరు. అడుగంటినవారికి ఆ అవకాశముండదు.