గోధుమల రూపాయలతో చేరిన తెలుగు పుస్తకాలు

విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో తెలుగు పుస్తకాలకు మనం చందా ఎందుకివ్వాలి, అది ప్రభుత్వం పని కదా అని సంఘ సభ్యులు కొందరు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఒక పాత లెక్కలో ఉంది.

యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడిన 1954లోనే అమెరికా పి.ఎల్. 480 చట్టం చేసింది. దాని కింద మన దేశం అమెరికా గోధుమలు కొని, ధర రూపాయల్లో చెల్లించింది. ఆ రూపాయల్లో కొంత పుస్తకాలకు కేటాయించారు. 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం తెలుగుతో సహా మన భాషల పుస్తకాలు కొని షికాగో, విస్కాన్సిన్, బర్కిలీ వంటి విశ్వవిద్యాలయాలకు పంపింది. విస్కాన్సిన్‌లో వెల్చేరు నారాయణరావుగారు దశాబ్దాలపాటు తెలుగు బోధించారు. 1980లలో ఆ రూపాయలు అయిపోయాక గ్రంథాలయాలే సొంత డబ్బు కట్టి కొనుగోలు కొనసాగించాయి.

ఇందులో గ్రహించాల్సింది ఒకటే: కొనుగోలు ఏటేటా సాగాలి. తెలుగు పుస్తకాలు చాలావరకు ఐదొందలో, వెయ్యో ప్రతులు అచ్చవుతాయి. ఆ ఏడు కొనకపోతే మళ్లీ దొరకడం కష్టం. అందుకే శాశ్వత నిధి మేలు. అసలు బ్యాంకులో ఉంటుంది, వడ్డీ ఖర్చవుతుంది. లక్షకు ఏడు శాతం వడ్డీ వస్తే ఏటా ఏడు వేలు. ఆ వడ్డీ తెలుగుకే వాడాలని ఒప్పందంలో రాయించుకోవాలి. జాబితా తయారీకి, స్కానింగుకు కూడా కొంత కేటాయించాలి. జాబితాకెక్కని పుస్తకం బీరువాలో ఉన్నా పరిశోధకుడికి లేనట్టే.

ఇక మన ఊరి సంగతి. ఫ్రెంచి ప్రభుత్వ కాగితాలు ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ భాండాగారంలో ఉన్నాయి. అవి అధికారులు రాసుకున్నవి. 1930లో శారదా చట్టం అమలయ్యాక బ్రిటిషు ఇండియా నుంచి బాల్యవివాహాలకు జనం యానాం తరలివచ్చారు, ఊరికి కల్యాణపురమని పేరొచ్చింది. ఆ పెళ్లిళ్ల గురించి ఇళ్లవాళ్లు ఏమనుకున్నారో తెలియాలంటే శుభలేఖలు, ఉత్తరాలు, జమాఖర్చు పుస్తకాలే ఆధారం. అలాంటివి మన అగ్రహారంలోనో మరో వీధిలోనో ఏ అటక మీదో, ట్రంకుపెట్టెలోనో ఉంటే దయచేసి పాతకాగితాల తూకానికి వేయకండి. సంఘానికి ఒక మాట చెప్పండి. అసలు మీ దగ్గరే ఉంచుకుని స్కాన్ చేయించినా చాలు.

డబ్బు ఇవ్వగలిగినవారు డబ్బు, కాగితం ఉన్నవారు కాగితం. రెండూ కలిస్తేనే మన యానాం చరిత్రను మన తెలుగులో రాయడానికి వీలవుతుంది.