లాలిపాట నడకను నిర్ణయించేదెవరు?

లాలిపాట అనగానే మన విమర్శకులు ‘వాత్సల్యరసం’ అని ఒక్క మాట రాసి ముందుకు సాగిపోతుంటారు. విద్యార్థులు పరీక్షల్లోనూ అదే రాస్తారు. ఇది అబద్ధం కాదు, సగం నిజం. పాట పుట్టడానికి వాత్సల్యం కారణం కావచ్చు. కాని ఆ పాట ఏ వేగంతో నడవాలి, ఏ శ్రుతిలో పలకాలి, విన్నవాళ్ళ మనసులో ఏ ఛాయ మిగల్చాలి అన్నవి వాత్సల్యం ఒక్కటే తేల్చే విషయాలు కావు. వాటి వెనక భౌతికమైన కారణాలున్నాయి.

ముందు నడక సంగతి చూద్దాం. కడప, కర్నూలు మెట్టపొలాల్లో శెనక్కాయ చేనికి కలుపుతీతకు పోయే కూలితల్లి పసిబిడ్డను వెంట తీసుకుపోతుంది. గట్టుమీది వేపకొమ్మకు పాతచీర కట్టి ఉయ్యాల వేస్తుంది. శాస్త్రం దృష్టిలో ఆ ఉయ్యాల ఒక లోలకం. లోలకం ఊగే కాలం దాని పొడవును బట్టి ఉంటుంది గాని, అందులోని బరువును బట్టి కాదు. ముడి నుంచి బిడ్డ పడుకున్న చోటికి ఒక మీటరుంటే, ఉయ్యాల ఒకసారి పోయి తిరిగి రావడానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. రెండు మీటర్లుంటే సుమారు 2.8 సెకన్లు. తొందరపెట్టి ఊపితే బిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది. అందుచేత పాటే ఉయ్యాలను అనుసరించాలి. ఇక్కడ తాళం వేసేది వేపకొమ్మ.

ఛందస్సు ఈ ఊపును ఎలా పట్టుకుంటుందో చూడటానికి దూరం పోనక్కరలేదు. కడప సీమలోని తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య (1408–1503) పేరుతో తెలుగునాట ఇంటింటా వినబడే ‘జో అచ్యుతానంద’నే తీసుకుందాం. ఆ పేరులోనే రెండు గణాలున్నాయి: ‘జో అచ్యు’, ‘తానంద’. ఒక్కొక్కటి ఐదు మాత్రలు. ఖండచాపులో పాడుకోవడానికి అనువైన నడక ఇది. పల్లవి పాదానికి నాలుగు గణాలు. చివరి గణంలో అక్షరాలకున్నవి మూడు మాత్రలే. మిగిలిన రెండూ గొంతు సాగదీసి నింపాలి, లేదా ఊపిరి తీసుకోవాలి. రెండు మీటర్ల ఉయ్యాలను ఊపుతూ, ఊపుకు రెండు గణాల చొప్పున పాడి చూడండి. పాదం ఆరు సెకన్లలోపే ముగుస్తుంది. అది అలసిన మనిషి ఒక్క ఊపిరిలో అనగలిగినంత. కాగితం మీద లోటుగా కనిపించే ఆ రెండు మాత్రలే పాడే మనిషికి విశ్రాంతి.

ఇక రాగం. ఈ పాట నవరోజు రాగంలో ప్రసిద్ధం. లాలిపాటలకు మరో పేరుపడ్డ రాగం నీలాంబరి. రెండూ శంకరాభరణం నుంచి పుట్టినవే. ఆ స్వరాలే పాశ్చాత్య సంగీతంలో మేజర్ స్వరశ్రేణి. మేజర్ అంటే సంతోషం, మైనర్ అంటే విషాదం అని ఒక తేలిక సూత్రం వాడుకలో ఉంది. మన లాలిపాటల ముందు అది నిలవదు. స్వరాలు సంతోషానివే, మిగిలే ఛాయ మాత్రం నిబ్బరంతో కలిసిన దిగులు. ఎందుచేత? నవరోజు సంచారం మంద్ర పంచమం నుంచి మధ్య పంచమం దాకానే. పై షడ్జాన్ని అందుకోవలసిన పని లేదు. అలసిన గొంతు ఎక్కడ పలకగలదో అక్కడే ఈ రాగం తిరుగుతుంది. శ్రుతి కూడా అంతే: దాన్ని నిర్ణయించడానికి చేనిగట్టున తంబురా లేదు, ఆ పూట ఆ తల్లి గొంతులో మిగిలిన సత్తువే శ్రుతి. ఛాయ స్వరాల్లో మాత్రమే లేదు, వాటిని పలికే శరీరంలో ఉంది.

స్పానిష్ కవి లోర్కా 1928లో తన దేశపు లాలిపాటల మీద ఒక ఉపన్యాసం ఇచ్చాడు. బిడ్డల్ని నిద్రపుచ్చడానికి స్పెయిన్ అత్యంత విషాదమైన బాణీలనే ఎంచుకుందని, వాటిని కట్టింది పేద స్త్రీలని, సంపన్నుల ఇళ్ళకు వాటిని చేర్చింది కూడా దాదులూ పనిమనుషులేనని ఆయన గమనించాడు. దేశం వేరు, బాణీ వేరు. పాడే మనిషి స్థితి ఒకటే. బాణీ బిడ్డకోసం. మాటలు మాత్రం చాలాసార్లు తల్లి తనకోసం చెప్పుకునేవి. బిడ్డకు అర్థం కాదు గనుకనే అక్కడ మొగుడి మీది ఫిర్యాదూ, పుట్టింటి బెంగా నిర్భయంగా చోటు చేసుకుంటాయి.

ఈ దృష్టితో చూస్తే మన సేకరణల లోపం తెలుస్తుంది. అన్నమయ్య రాగిరేకుల మీద రాగాల పేర్లు చెక్కారు గాని స్వరాలు చెక్కలేదు. అందువల్ల 20వ శతాబ్దంలో అనంతపురం జిల్లాకు చెందిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు ఎన్నో కీర్తనలకు కొత్తగా బాణీలు కట్టవలసి వచ్చింది. ఐదు వందల ఏళ్ళనాటి ఆ నష్టాన్ని అర్థం చేసుకోవచ్చు. కాని కూలితల్లి పాటను ఈనాడు కూడా పదాలుగా మాత్రమే అచ్చువేసి, నడకను వదిలేస్తే దానికి సమాధానమేమిటి? స్టూడియోలో వేణువూ వీణా చేర్చి, నడక నెమ్మదింపజేసి రికార్డు చేసిన లాలి వినసొంపుగానే ఉంటుంది. కాని అందులో ఉయ్యాల ఊపే చెయ్యి లేదు, మేస్త్రీ పిలుపుకు మధ్యలో తెగిపోయే చరణం లేదు.

కాబట్టి పాట సేకరించబోయే విద్యార్థి మిత్రులు కలం తీసేముందు నాలుగు విషయాలు గుర్తించాలి: ఏ పని మధ్య పాడుతున్నారు, ఉయ్యాల పొడవెంత, ఊపుకు ఎన్ని మాత్రలు పడుతున్నాయి, గొంతు ఎక్కడ ఆగుతోంది. ఇవి సంగీతజ్ఞులకు మాత్రమే సంబంధించిన వివరాలు కావు. పాట పాడిన మనిషి బతుకు చాలావరకు నమోదయ్యేది వీటిలోనే.