పాత నాణెములను తోమవచ్చునా?

జీడిమెట్ల వంటి పారిశ్రామిక వాడలలో లోహపు వస్తువులకు పూత వేయుటకు ముందు వానిని ఆమ్లములో ముంచి తుప్పు వదలింతురు. ఇంటిలో కిలుము పట్టిన ఇత్తడి చెంబును చింతపండుతో తోమినచో తళతళలాడును. ఇవి చూచినవారికి, పాత నాణెముల మూట దొరకినపుడు కలుగు ఆలోచన ఒక్కటే: అన్నిటిని తోమినచో అందొక్కటైనను అపురూపమైనది బయటపడదా? ఆశ సహజమే. కాని చెంబునకు కావలసినది మెరుపు. నాణెమునకు విలువనిచ్చునవి దానిమీది అక్షరము, బొమ్మ.

రాగి నాణెముపై కనబడు ఆకుపచ్చని పొర ఏమి? అది పైనుండి వచ్చి అంటిన మురికి కాదు. నేలలో శతాబ్దములు పడియున్న రాగి ఆక్సిజన్‌తో కలసి మొదట ఎఱ్ఱని ఆక్సైడుగా మారును. తరువాత తేమ, బొగ్గుపులుసు వాయువుల ప్రభావముచే పచ్చని కార్బొనేటు ఏర్పడును. అనగా ఆ పొర నాణెపు రాగియే. అరిగిన నాణెములలో అక్షరపు గీత ఒక్కొక్కప్పుడు ఈ పొరలోనే నిలిచియుండును. దాని క్రింది లోహము అప్పటికే క్షయించియుండును. చింతపండులోని టార్టారిక్ ఆమ్లము, నిమ్మరసములోని సిట్రిక్ ఆమ్లము ఆ పొరను కరగించును. దానితో అక్షరమును పోవును.

దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. నల్లబడిన రాగితీగ ముక్కలను ఉప్పు కలిపిన నిమ్మరసములో ఒకరోజు ఉంచవలెను. తీగ మెరయును. ఆ రసములో శుభ్రమైన ఇనుప మేకును ముంచినచో కొంతసేపటికి దానిపై ఎఱ్ఱని రాగి పూత కనబడును. తీగనుండి పోయిన రాగియే మేకుపై చేరినది!

రుద్దుటయు హానికరమే. కాఠిన్యమును కొలచు మోస్ మానములో సీసము 1.5, రాగి సుమారు 3, ఇసుకలోని పలుగురాయి 7. ఇసుకతోగాని ఇటుకపొడితోగాని తోమినచో నాణెము అరుగక తప్పదు.

మన ప్రాంతమున ఈ జాగ్రత్త మరింత అవసరము. శాతవాహనుల నాణెములలో అనేకములు సీసముతోను, రాగి, తగరము, సీసముల మిశ్రమముతోను చేసినవి. సంగారెడ్డి సమీపమునగల కొండాపురమున 1940 ప్రాంతములో నిజాము ప్రభుత్వ పురావస్తుశాఖ జరిపిన త్రవ్వకములలో ఇట్టివి అనేకము లభించినవి. (ఇది హైదరాబాదు నగరములోని కొండాపురము కాదు.) గోదావరి తీరమునగల కోటిలింగాలలో గోబద, నారన, కంవాయ, సమగోప అను పాలకుల పేర్లుగల నాణెములు దొరకినవి. శాతవాహన వంశమునకు మూలపురుషుడని చెప్పబడు సిముకుని పేరుగల నాణెములును అక్కడ లభించినవి. చరిత్రకారులకు ఇంతటి సమాచారమిచ్చినవి కొద్దిపాటి బ్రాహ్మీ అక్షరములు. ఎవరైన మెరుపునకై వానిని తోమివేసియున్నచో, చేతిలో మిగులునది ఒక సీసపు బిళ్ళ మాత్రమే.

మరి ఏమి చేయవలెను? మొదట తూకము, వ్యాసము కొలచి వ్రాసికొనవలెను. చీకటిగదిలో ప్రక్కనుండి వాలుగా దీపపు కాంతి పడునట్లు చేసి, భూతద్దముతో చూడవలెను. మిట్టపల్లముల నీడలు పడుటచే, తిన్నని వెలుతురులో కానరాని గీతలు బయటపడును. దొరకినచోటు కూడ వ్రాయవలెను. అది తెలియని నాణెము చరిత్రకారునికి సగమే ఉపయోగపడును. 

లేతపచ్చని పొడి రాలుచున్న రాగి నాణెము విషయమున ప్రత్యేక శ్రద్ధ వహింపవలెను. అందు క్లోరైడు చేరియుండును. అది తేమతోను ఆక్సిజన్‌తోను కలసి ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము మరల రాగిని తినును. అట్టిదానిని తడి తగులకుండ వేరుగా ఉంచి నిపుణులకు చూపవలెను. సీసపు నాణెములను చెక్కపెట్టెలలో దాచరాదు. చెక్కనుండి వెలువడు ఆమ్లపు ఆవిరి వానిని తెల్లని పొడిగా మార్చును. సీసపు పొడి విషము కనుక తాకినపిదప చేతులు కడుగవలెను.

నేలలో దొరకిన నిధి విలువ పదిరూపాయలు మించినచో కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి నిధి నిక్షేపముల చట్టము చెప్పుచున్నది. ఆ నాణెములను మట్టితోనే అప్పగించుట మేలు. అపురూపమైన నాణెము అందున్నచో, దానిని గుర్తింపజేయునది ఆ మట్టిక్రింది పొరయే కావచ్చును.