మెడకు ఆపరేషన్ – ఊపిరికి గండం

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

గత వేసవి సెలవుల్లో మా పెదనాన్నకు మెడ వెన్నెముకకు ఆపరేషన్ జరిగింది. డిస్కు జారి వెన్నుపామును నొక్కుతూ ఉండడంతో ఆయన చేతులు పార పట్టడానికి కూడా రాకుండా పోయాయి. చొక్కా గుండీలు పెద్దమ్మే పెట్టేది. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. అందరం హమ్మయ్య అనుకున్నాం. అసలు గండం ఆ రాత్రికి ఉందని మాలో ఎవరికీ తెలియదు.

వెన్నెముకకు గొంతు వైపు నుంచి కోస్తారంటే మొదట నేను నమ్మలేదు. ఈ పద్ధతి 1950లలోనే వచ్చిందట. బాల్టిమోర్‌లో రాబిన్సన్, స్మిత్, హొనొలులులో క్లోవార్డ్ దీనికి బాట వేశారు. గొంతు పక్కన కోత పెట్టి, శ్వాసనాళాన్నీ ఆహారనాళాన్నీ ఒక పక్కకు, పెద్ద రక్తనాళాలను మరో పక్కకు లాగి పట్టి, నడుమ సందులోంచి ఎముకను చేరుకుంటారు. వెన్నుపామును కదిలించకుండానే డిస్కు తీసేయవచ్చు. కాని గంటల తరబడి లాగి పట్టిన మెత్తని కండ వాయకుండా ఉంటుందా?

ఆ వాపు మెల్లగా పెరిగి రెండో రోజుకో, మూడో రోజుకో ముదురుతుంది. అంతకంటె తొందరగా వచ్చేది కుట్ల లోపల రక్తం చేరి గడ్డకట్టడం. అది ఎక్కువగా మొదటి రోజే వస్తుంది. గొంతు నరం దెబ్బతినడం, అమర్చిన పలక జరగడం వంటివీ ఉన్నాయి గాని అవి వేరే కథ. 2002లో వెలువడిన ఒక పరిశీలనలో, ఇట్లా మెడ ముందు నుంచి ఆపరేషన్ అయిన 311 మందిలో 19 మందికి ఊపిరి ఇబ్బంది వచ్చింది. వారిలో ఆరుగురికి మళ్ళీ గొట్టం వేయవలసి వచ్చింది. ఆపరేషన్ అయిదు గంటలు దాటినా, మూడు కంటె ఎక్కువ ఎముకల మేర తెరిచినా ప్రమాదం ఎక్కువని తేలింది.

రక్తపుగడ్డ శ్వాసనాళాన్ని నొక్కేస్తుందని నేననుకున్నాను. కాని దానికి మృదులాస్థి కమ్మీలున్నాయి, అంత తేలిగ్గా నలగదు. గడ్డ ముందు సిరలను నొక్కుతుంది. తూము మూస్తే మడి మునిగినట్లు, వెనక్కు పోలేని రక్తంతో స్వరపేటిక లోపలి పొర ఉబ్బుతుంది. ఇక్కడే మన ఫిజిక్సు లాబులోని పాయిజల్ సూత్రం గుర్తుకొచ్చింది. గొట్టం వ్యాసార్థం సగమైతే ప్రవాహం సగం కాదు, పదహారో వంతు! అందుకే చాలాసేపు బాగున్నట్లే ఉండి, చివర ఒక్కసారిగా ముంచుకొస్తుంది.

ఆ రాత్రి పది గంటలకు పెదనాన్న గొంతు కుండలోంచి మాట్లాడినట్లు మారింది. ఉమ్మి మింగలేకపోతున్నాడు. పడుకోబెడితే లేచి కూర్చుంటున్నాడు. "మత్తుకు గొట్టం వేశారు గదా, అట్లాగే ఉంటుంది" అంది నర్సు. వేలికి తగిలించిన యంత్రం ఆక్సిజన్ 97 చూపిస్తోంది. సైన్సు చదువుతున్న నేను ఆ అంకెనే నమ్మాను. పైనుంచి ఆక్సిజన్ పెట్టినపుడు ఆ అంకె అన్నిటికంటె ఆఖరున పడుతుందని తరువాత మెడికల్ కాలేజీ స్నేహితుడు చెబితే గాని తెలియలేదు.

పెద్దమ్మ నమ్మలేదు. "అంకెలు నాకు తెలవ్వు. నలభై ఏళ్ళలో ఈయన కూర్చుని నిద్రపోయింది లేదు. పోరా, డాక్టర్ను పిలు" అంది. పరుగెత్తాను. డ్యూటీ డాక్టరు వచ్చి కట్టు విప్పి చూశాడు. మెడ ఒక పక్క గట్టిగా ఉబ్బి ఉంది. థియేటరు దాకా తీసుకుపోలేదు, మంచం మీదే కుట్లు కత్తిరించాడు. నల్లని గడ్డ బయటికొచ్చింది. పెదనాన్న ఊపిరి శబ్దం మారింది. ఆ తరువాతే గొట్టం వేసి, లోపలికి తీసుకుపోయి రక్తం కారే చోటు మూశారు.

ఇప్పుడు గుండీలు ఆయనే పెట్టుకుంటున్నాడు. గొంతు మాత్రం ఇంకా కాస్త బొంగురు. గేదెలు తన అదిలింపు లెక్కచేయడం లేదని ఒకటే ఫిర్యాదు.