పుస్తకం రాశారా? సైటు మాత్రం ఫోన్‌లో చదివేవాళ్ల కోసం పెట్టండి

"కథల పుస్తకం వేయించా, దానికో వెబ్‌సైటు ఎలా పెట్టాలి?" అన్న ప్రశ్న మీద ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నాం కదా. అక్కడ గబగబా చెప్పింది ఇక్కడ నిదానంగా రాస్తున్నా.

ముందు నా తప్పు చెప్తా. నా పుస్తకం ఊళ్లో అచ్చయ్యాక దోహాలో కూర్చుని సైటు చేసుకున్నా. తెరవగానే కార్నిష్ దగ్గర దిగిన పెద్ద ఫొటో, కదిలే బొమ్మలు, వెనకాల సంగీతం. ల్యాప్‌టాప్‌లో భలే ఉంది. ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో ఉండే ఒక తమ్ముడికి లింకు పంపా. అతని ఫోన్‌లో ఎంతసేపటికీ తెరుచుకోలేదు. తెరుచుకున్నాక అడిగాడు: "అన్నా, పుస్తకం ఎక్కడ దొరుకుద్ది?" ఆ ఒక్క ముక్కే నేను రాయలేదు! పైగా కథ ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు.

ఎందుకలా అయిందంటే, మన ప్రెస్సుల్లో చాలాచోట్ల అను ఫాంట్లలో టైపు చేస్తారు. అవి ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ఆకారాలు పెట్టినవి. ఆ ఫాంటు లేని ఫోన్‌లో అసలు రంగు బయటపడుతుంది. కాబట్టి యూనికోడ్‌లోకి మార్చుకుని, వత్తులు, దీర్ఘాలు సరిగ్గా వచ్చాయో లేదో మళ్లీ చదువుకోండి. పేజీని ఫొటో తీసి పెట్టొద్దు. యూనికోడ్‌లో ఉంటేనే గూగుల్‌లో మీ పేరు తెలుగులో వెతికినా సైటు దొరుకుతుంది.

రెండోసారి ఒక్క పేజీయే పెట్టా. పైన పుస్తకం పేరు, చిన్న అట్టబొమ్మ, నా పేరు. కింద అది దేని గురించో మూడు వాక్యాలు. ఆ వెంటనే ధర, ఎక్కడ కొనాలి, గల్ఫ్‌కి పంపుతారా లేదా. తర్వాత ఒక కథ పూర్తిగా. ఊరికే "గొప్ప పుస్తకం" అంటే ఎవరూ నమ్మరు, ఒక్క కథ నచ్చితే కొంటారు.

అక్షరాల విషయానికొస్తే, గూగుల్ ఫాంట్స్‌లో మండలి, నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతాయి. తెలుగులో వత్తులు కిందికి దిగుతాయి కదా, అందుకని వరుసల మధ్య ఖాళీ ఇంగ్లీషుకన్నా ఎక్కువ కావాలి. నేను అక్షరం సైజు 18 పిక్సెళ్లు, వరుస ఎత్తు దానికి 1.7 రెట్లు పెట్టా. డ్యూటీ నుంచి వచ్చి అలిసిన కళ్లకి అది సుఖం.

ఇంకో ముఖ్యమైన సంగతి. సైటు పేరు కొన్న అకౌంటుని ఖతర్ నంబరుకి కట్టేయొద్దు. ఫైనల్ ఎగ్జిట్ అయి ఇంటికెళ్లాక ఆ సిమ్ము ఉండదు, ఓటీపీ రాదు. ఏటా రెన్యువల్ చేయకపోతే పేరే పోతుంది. సొంత ఈమెయిల్, ఇండియా నంబరు పెట్టండి.

మన కథల్లో క్యాంపు, తోటివాళ్లు తప్పకుండా వస్తారు. ఇక్కడ జాగ్రత్త. ఖతర్ సైబర్ నేరాల చట్టం, 2014లో వచ్చిన 14వ నంబరుది, ఇతరుల వ్యక్తిగత జీవితానికి సంబంధించిన ఫొటోలు, వార్తలు ఆన్‌లైన్‌లో పెట్టడాన్ని నేరం అంటుంది, అవి నిజమైనా సరే. అందుకే రూమ్మేట్ల ఫొటోలు, కంపెనీ పేరు, మీ క్యూఐడీ నంబరు సైటులో వద్దు.

ల్యాప్‌టాప్ లేదా? ఎడ్యుకేషన్ సిటీలో ఖతర్ నేషనల్ లైబ్రరీ ఉంది. ఇక్కడ నివాసం ఉన్నవాళ్లకి సభ్యత్వం ఉచితం, కంప్యూటర్లు వాడుకోవచ్చు. మెట్రో గ్రీన్ లైన్‌లో ఆ పేరుతోనే స్టేషన్ ఉంది. వెళ్లేముందు వేళలు చూసుకోండి.

బెన్యామిన్ గారు బహ్రెయిన్‌లో ఉద్యోగం చేస్తూనే మలయాళంలో 'ఆడుజీవితం' రాశారు. 2008లో వచ్చింది. గల్ఫ్ బతుకు కథకి పాఠకులు లేరనుకోవద్దు. వాళ్లకి మన పుస్తకం కనిపించాలి, అంతే.

సైటు అయ్యాక ఒక పరీక్ష పెట్టండి. పాత ఫోన్ ఉన్న స్నేహితుడికి అర నిమిషం చూపించి, ఫోన్ పక్కన పెట్టించి అడగండి: ఎవరు రాశారు, దేని గురించి, ఎక్కడ దొరుకుతుంది? మూడూ చెప్పాడంటే పని అయినట్టే. మా క్యాంపు తమ్ముడు ఈసారి మూడూ చెప్పాడు. తర్వాత కథ చదువుతూ అలాగే పడుకున్నాడు.